పాత భారతీయ కార్ల చరిత్ర: అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కార్ల అభిమానులు నలుగురు ఒకచోట చేరితే మాట ఇంజిన్ దగ్గర మొదలై, ఏదో ఒక పేరు మీదో సంవత్సరం మీదో పేచీగా మారడం మామూలే. ఆ పేచీల్లో మళ్ళీ మళ్ళీ వినిపించే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. ఇవి ప్రధానంగా 1940ల నుంచి 1980ల వరకు మన దేశంలో తయారైన కార్లకు సంబంధించినవి. సంస్థానాల కాలం నాటి రోల్స్ రాయిస్‌ల గురించి అడగనివారు ఉండరు కాబట్టి వాటికీ కొంత చోటిచ్చాము. జవాబులు చెప్పేటప్పుడు వీలైనంతవరకు చెప్పుకునే కథను పక్కనపెట్టి, బానెట్ కింద కనిపించేదాన్ని, ఆర్సీలో రాసి ఉన్నదాన్ని నమ్ముకున్నాము.

వెటరన్, వింటేజ్, క్లాసిక్ అనే మాటలకు తేడా ఏమిటి?

ఈ విభజన బ్రిటన్‌లోని పాత కార్ల సంఘాల నుంచి వచ్చింది. 1904 ముగిసేలోపు తయారైనవి వెటరన్ కార్లు; ఆ తరువాత మొదటి ప్రపంచయుద్ధం ముగిసేవరకు వచ్చినవి ఎడ్వర్డియన్ కార్లు; 1919 నుంచి 1930 వరకు తయారైనవి వింటేజ్ కార్లు. ‘క్లాసిక్’ అనే మాటకు మాత్రం ఇంత కచ్చితమైన గీత లేదు, ఎవరి సంఘం నియమం వారిది. ఈ లెక్కన చూస్తే మన దేశంలో తయారైన కారు ఏదీ వింటేజ్ కాదు. అయినా మనవాళ్ళు 1970ల మొదట్లోని ఫియట్‌ను కూడా ‘వింటేజ్ కారు’ అనడంలో పెద్ద తప్పేమీ లేదు, ఎందుకంటే మన చట్టం ఆ మాటకు వేరే అర్థం చెప్పింది.

మన చట్టం ప్రకారం ఏది వింటేజ్ వాహనం?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021లో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన, వాణిజ్య అవసరాలకు కాక సొంతానికి వాడుకునే ద్విచక్ర వాహనాలను, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తించింది. షాసీని (బండి అడుగు చట్రాన్ని) గానీ, బాడీని గానీ, ఇంజిన్‌ను గానీ గణనీయంగా మార్చి ఉండకూడదన్నది అసలు షరతు. కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించుకోవడానికి రుసుము 20,000 రూపాయలు, అది పదేళ్ళు చెల్లుతుంది; తరువాత మళ్ళీ చేయించుకోవడానికి 5,000 రూపాయలు. నంబరులో రాష్ట్రం అక్షరాల తరువాత వింటేజ్‌కు గుర్తుగా ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. ఇలా రిజిస్టర్ అయిన బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు తీసుకువెళ్ళవచ్చు గానీ రోజూ ఆఫీసుకు వెళ్ళడానికి వాడకూడదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. లెక్క మొదలయ్యేది తయారైన ఏడాది నుంచి కాదు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి. 1974 డిసెంబరులో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చి 1975 మార్చిలో రిజిస్టర్ అయిన కారు 1975 నాటిదిగానే లెక్కలోకి వస్తుంది.

మన దేశంలో తయారైన మొదటి కారు అంబాసిడరేనా?

కాదు. బిర్లా కుటుంబానికి చెందిన హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో మొదలై, 1948లో కలకత్తాకు దగ్గరలోని ఉత్తరపారాకు తరలింది. ఆ ఫ్యాక్టరీ ఎంత పెద్దదంటే, దాని పక్కనున్న రైల్వే స్టేషన్ పేరే హింద్‌మోటర్. అంబాసిడర్ కంటే ముందు ఆ కంపెనీ నుంచి హిందుస్థాన్ 10, మోరిస్ మైనర్ ఆధారంగా బేబీ హిందుస్థాన్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ ఆధారంగా ల్యాండ్‌మాస్టర్ వచ్చాయి. అదే ఆక్స్‌ఫర్డ్ కారు మూడో సిరీస్ నుంచి 1957లో పుట్టినది అంబాసిడర్.

విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకా వెనక్కి వెళ్ళాలి. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలోని శివ్‌డీలో బిగింపు ఫ్యాక్టరీ పెట్టింది. కాబట్టి ఎవరైనా ‘మొదటి కారు’ అని అడిగితే, మొదట బిగించినదా, మొదట తయారైనదా అని తిరిగి అడగడం మంచిది. సగం పేచీలు అక్కడే తీరిపోతాయి.

అంబాసిడర్‌ను చూసి అది ఏ కాలానిదో చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు, అయితే ముందు ముఖాన్ని, తరువాత గుండెను చూడాలి. కారు ఆకారం 1957 నుంచి 2014 వరకు పెద్దగా మారలేదన్నది నిజమే గానీ రేడియేటర్ ముందుండే జాలీ, అంటే గ్రిల్, మారుతూ వచ్చింది. మొదటి అంబాసిడర్‌కు, అంటే ఇప్పుడు మనం మార్క్ 1 అంటున్నదానికి, హెడ్‌లైట్ల మీద కనురెప్పల్లాంటి లోతైన అంచులు ఉంటాయి. 1960ల మొదట్లో వచ్చిన మార్క్ 2 గ్రిల్ చిన్న చిన్న గళ్ళతో జల్లెడలా ఉంటుంది. 1975 నాటి మార్క్ 3కి అడ్డపట్టీల గ్రిల్, గుండ్రటి ఇండికేటర్లు వచ్చాయి. 1979లో వచ్చిన మార్క్ 4కి గ్రిల్ గళ్ళు వెడల్పయ్యాయి. ల్యాండ్‌మాస్టర్‌ను అంబాసిడర్ అనుకునేవారు కూడా ఉన్నారు. దాని బానెట్ నున్నగా ఉంటుంది, వెనక రెక్కలు లేవు. బానెట్ మీద గాళ్ళు, వెనక మడ్‌గార్డుల చివర చిన్న రెక్కలు ఉంటేనే అది అంబాసిడర్.

గ్రిల్‌ది ఏముంది, నాలుగు బోల్టులు విప్పితే మారిపోతుంది. అందుకే బానెట్ ఎత్తాలి. మొదటి అంబాసిడర్లలో ల్యాండ్‌మాస్టర్‌లో ఉన్న 1,476 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజిన్ ఉండేది. 1959లో దాని స్థానంలో వాల్వులు హెడ్‌లో, అంటే ఇంజిన్ పైభాగంలో, ఉండే 1,489 సీసీ ఇంజిన్ వచ్చింది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి-సిరీస్ అని పేరున్న ఇంజిన్ అది. రెండింటినీ వేరుచేయడానికి మెకానిక్ అక్కర్లేదు. సైడ్‌వాల్వ్ ఇంజిన్‌లో వాల్వులు బ్లాకు పక్కనే ఉంటాయి కాబట్టి హెడ్ ఒట్టి మూతలాగా బల్లపరుపుగా ఉంటుంది, స్పార్క్ ప్లగ్గులు దాని నెత్తిన నిలబడి ఉంటాయి. రెండో రకంలో హెడ్ మీద పొడుగాటి రేకు ట్యాపెట్ కవర్, దాని మీద ఆయిల్ పోసే మూత కనిపిస్తాయి, ప్లగ్గులు పక్క నుంచి దిగుతాయి.

ఒకసారి మిత్రుడొకరు ‘1958 మోడల్, అన్నీ ఒరిజినల్’ అన్న మాట నమ్మి బయానా ఇవ్వబోతుంటే ఆయన వెంట నేనూ వెళ్ళాను. తెలుపు రంగు కొత్తగా కొట్టారు, లోపల రెక్సిన్ వాసన ఇంకా పోలేదు. ముందు గ్రిల్ జల్లెడలా ఉంది. బానెట్ ఎత్తితే పచ్చరంగు ట్యాపెట్ కవర్, దాని అంచు నుంచి కారి గడ్డకట్టిన నూనె. అమ్మే మనిషి తడుముకోకుండా, ‘అప్పట్లో కొన్నిటికి ఇదే వచ్చేదండీ’ అన్నాడు. ఆర్సీ చూపించమన్నాము. అందులో 1965 అని ఉంది. ఏడేళ్ళ తేడా. 1965 అంబాసిడర్‌గా అది చాలా చక్కని కారు. అలాగే చెప్పి ఉంటే మిత్రుడు కొనుక్కునేవాడే.

అంబాసిడర్ పాత డిజైన్ అయినా మన రోడ్లకు అంత బాగా ఎలా సరిపోయింది?

అది నాటుబండి అన్న అభిప్రాయం సరికాదు. దానికి విడిగా లారీ లాంటి షాసీ లేదు, బాడీయే బరువును మోస్తుంది. ముందువైపు మెలితిరిగే ఉక్కు కడ్డీలే స్ప్రింగులుగా పనిచేసే టార్షన్ బార్ సస్పెన్షన్, పళ్ళచక్రం పళ్ళపట్టీని జరిపే ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉంటాయి. 1950ల లెక్కన ఇవి ముందుచూపున్న ఏర్పాట్లే. వెనక మాత్రం మామూలు కమాన్ కట్టలు, అంటే పట్టీల స్ప్రింగులు. పల్లెటూళ్ళో చెట్టుకింద షెడ్డులో కూడా కమాన్ కట్ట విప్పి విరిగిన పట్టీ మార్చి బిగించగలగడం, వెనక సీటులో పంచె నలగకుండా నలుగురు కూర్చోగలగడం, ఈ రెండూ దానికి ఊరూరా పేరు తెచ్చాయి. 1980 ప్రాంతంలో డీజిల్ ఇంజిన్ వచ్చాక ట్యాక్సీవాళ్ళు దాన్ని వదల్లేదు. 1990ల మొదట్లో 1,817 సీసీ ఇసుజు ఇంజిన్, ఐదు గేర్లు, కింద గేరు రాడ్డు వచ్చాయి. స్టీరింగ్ కిందుండే హ్యాండ్ గేరుకు అలవాటుపడిన పాత డ్రైవర్లకు ఇది నచ్చడానికి కొంత కాలం పట్టింది.

ఫియట్, ప్రెసిడెంట్, పద్మిని: ఇవి మూడు కార్లా, ఒక కారా?

ఒకే కారు, మూడు పేర్లు. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయిలోని కుర్లాలో ముందు అమెరికాకు చెందిన క్రైస్లర్ కంపెనీ కార్లను బిగించేది. డాడ్జ్, ప్లిమత్, డిసోటో పేర్లతో అవి వచ్చేవి. 1950ల మొదట్లో ఇటలీకి చెందిన ఫియట్‌తో ఒప్పందం కుదిరి, ముందు చిన్న ఫియట్ 500, 1954లో ఫియట్ 1100 వచ్చాయి. ఇటాలియన్ భాషలో 1100ను ‘మిల్లెచెంతో’ అంటారు కాబట్టి ఆ పేరూ నిలిచింది.

తరువాత ఎలిగెంట్, సెలెక్ట్, సూపర్ సెలెక్ట్ అని పేర్లు మారుతూ, 1964లో ఫియట్ 1100 డిలైట్ వచ్చింది. మనందరికీ కళ్ళముందు మెదిలే ఆకారం ఇదే. ఫియట్‌తో ఒప్పందం ముగిశాక 1970ల మొదట్లో ఆ కారుకే ప్రీమియర్ ప్రెసిడెంట్ అని పేరు పెట్టారు, ఇంకొంత కాలానికి చిత్తోడ్ రాణి పేరు మీదుగా ప్రీమియర్ పద్మిని అన్నారు. 1,089 సీసీ ఇంజిన్ అదే, స్టీరింగ్ కింద హ్యాండ్ గేరు అదే, ముందు బెంచీ సీటు అదే. కంపెనీ పేరు మార్చుకున్నా జనం నోట మాత్రం చివరివరకూ ‘ఫియట్ కారే’. అందువల్ల 1980లో కొన్న కారును ఎవరైనా ఫియట్ అంటే అది వాడుక మాట. క్విజ్‌లో అడిగితే మాత్రం జవాబు ప్రీమియర్ పద్మిని.

‘డుక్కర్ ఫియట్’ అంటే ఏది?

1954 నుంచి కొన్నేళ్ళపాటు వచ్చిన గుండ్రటి ఫియట్ 1100కి బొంబాయి జనం పెట్టిన ముద్దుపేరు ఇది. మరాఠీలో డుక్కర్ అంటే పంది. కారు ముందుభాగం బొద్దుగా, మూతి ముందుకు వచ్చినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. దీన్ని గుర్తుపట్టడానికి తలుపు తెరిస్తే చాలు. ముందు తలుపు బందులు ముందువైపు కాక మధ్య స్తంభానికి ఉంటాయి, అంటే తలుపు వెనక్కి తెరుచుకుంటుంది. ముందు తలుపూ వెనక తలుపూ ఒకేసారి తెరిస్తే బీరువా రెండు రెక్కలు విప్పినట్టు కాక, రెండూ ఒకే స్తంభానికి వేలాడే రెక్కల్లా కనిపిస్తాయి. చీర కట్టుకున్నవారు ఎక్కి దిగడానికి ఇది వీలుగా ఉండేదని పాతవాళ్ళు చెబుతారు. అయితే నడుస్తున్నప్పుడు తలుపు సరిగా పడకపోతే గాలి దాన్ని పూర్తిగా తెరిచేస్తుంది కాబట్టి తరువాతి కార్లలో ఈ పద్ధతి మానేశారు.

స్టాండర్డ్ హెరాల్డ్ గురించి అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి తయారుచేసిన ఈ కారు, బ్రిటన్‌లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా పుట్టింది. రూపకల్పన ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోత్తిది. ఆనాటి మిగతా రెండు కార్ల పక్కన నిలబెడితే ఇది సన్నగా, పదునుగా కనిపించేది. దీనికి విడిగా షాసీ ఉంటుంది, బాడీ ముక్కలను దానిమీద బోల్టులతో బిగిస్తారు. బానెట్, ముందు మడ్‌గార్డులు కలిపి ఒకే ముక్కగా ముందుకు వంగి తెరుచుకుంటాయి. ముందు చక్రం మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. దానికి తోడు చాలా ఇరుకు సందులోనూ ఒక్క తిప్పులో మళ్ళుతుంది.

ఇందులో ఒక మంచి క్విజ్ ప్రశ్న దాగి ఉంది. బ్రిటన్‌లో హెరాల్డ్‌కు నాలుగు తలుపులు ఎప్పుడూ రాలేదు, ఆ రూపం మన దేశంలో మాత్రమే తయారైంది. రెండు తలుపుల కారులో వెనక సీటులోకి పెద్దవాళ్ళు దూరాల్సి రావడం మన కుటుంబాలకు నచ్చకపోవడమే అందుకు కారణం అనుకోవడంలో తప్పులేదు. 1970ల మొదట్లో వచ్చిన గెజెల్ దీని వారసుడే, ఇంజిన్ అదే 948 సీసీ. హెరాల్డ్ వెనక చక్రాలు విడివిడిగా ఊగే స్వింగ్ యాక్సిల్ మీద ఉండేవి. గెజెల్‌లో దాన్ని తీసేసి మామూలు యాక్సిల్ పెట్టారు. ఇంకో చిన్న సంగతి: బ్రిటన్‌లో ‘స్టాండర్డ్’ పేరుతో కార్లు రావడం 1963లోనే ఆగిపోయింది, మద్రాసులో మాత్రం ఆ పేరు 1980ల చివరివరకు బతికింది.

ఫోర్డ్, షెవర్లే లాంటి కంపెనీలు మధ్యలో ఎందుకు మాయమయ్యాయి?

ఆ కంపెనీలు విడిభాగాలు దిగుమతి చేసుకుని ఇక్కడ బిగించేవే తప్ప ఇక్కడ తయారుచేసేవి కావు. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల మేరకు, దశలవారీగా ఇక్కడే తయారుచేసే ప్రణాళిక ఉన్నవారే కొనసాగాలని ప్రభుత్వం తేల్చిచెప్పింది. అప్పటి మన మార్కెట్ పరిమాణం చూసి అంత పెట్టుబడి దండగ అనుకున్న ఫోర్డ్, జనరల్ మోటార్స్ మూటాముల్లె సర్దుకున్నాయి. ఆ తరువాత మూడు దశాబ్దాలపాటు కారు అంటే అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్, అంతే.

కారు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారన్నది నిజమేనా?

నిజమే. ఎన్ని కార్లు తయారుచేయాలో లైసెన్సు చెప్పేది, ఎవరికి ముందు ఇవ్వాలో 1959 నాటి పంపిణీ నియంత్రణ ఉత్తర్వు చెప్పేది. 1969లో ప్రభుత్వం ధర కూడా తానే నిర్ణయిస్తే, కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. దీని ఫలితం విచిత్రంగా ఉండేది: ఫియట్ కొన్నవాడు షోరూమ్ నుంచి బయటికి రాగానే కొన్న ధర కంటే ఎక్కువకు అమ్ముకోగలిగేవాడు. వాడిన వస్తువుకు కొత్తదానికంటే ఎక్కువ ధర పలకడం ఈనాటి కుర్రవాళ్ళకు చెబితే నమ్మరు. పాత ఆర్సీ పుస్తకాల్లో మొదటి యజమాని పేరు కింద కొద్ది కాలానికే రెండో పేరు కనిపిస్తే, సాధారణంగా ఇదే కారణం.

ఒక మహారాజు రోల్స్ రాయిస్‌తో ఊరు ఊడిపించాడన్న కథ నిజమా?

ఇంతగా అడిగే ప్రశ్న ఇంకొకటి లేదు. కథ ఇలా నడుస్తుంది: లండన్ షోరూమ్‌లో సాదా దుస్తుల్లో ఉన్న మహారాజును సేల్స్‌మన్ చిన్నచూపు చూశాడు, కోపం వచ్చిన మహారాజు ఉన్న కార్లన్నీ కొనేసి ఊళ్ళో చెత్త ఎత్తడానికి పంపించాడు, కంపెనీ తంతి కొట్టి క్షమాపణ చెప్పుకుంది. ఎక్కువమంది అల్వర్ మహారాజా జయసింగ్ పేరు చెబుతారు. కొందరు భరత్‌పూర్ అంటారు, కొందరు పటియాలా అంటారు, హైదరాబాదులో అయితే నిజాం అంటారు. ఒకే సంఘటన నలుగురు రాజులకు జరిగిందంటే అది చరిత్ర కాదు, జానపద కథ. చెప్పేవారిలో ఆ తంతి నకలునో, ఆనాటి పత్రికనో చూపించినవారు ఎవరూ లేరు.

ఇక కథతోపాటు తిరిగే ఫొటో సంగతి. ముందు చక్రాలకు ఎదురుగా చీపుళ్ళు కట్టిన నల్ల కారు అందులో కనిపిస్తుంది. దాని రేడియేటర్‌ను ఒకసారి జాగ్రత్తగా చూడండి. రోల్స్ రాయిస్ రేడియేటర్ నిలువు పట్టీలతో, పైన త్రికోణపు కప్పుతో గ్రీకు గుడి ముఖంలా ఉంటుంది. ఈ ఫొటోలోని కారుకు అలాంటి ముఖం లేదు. చీపుళ్ళు కూడా సరిగ్గా టైరు వెడల్పు మేరకే ఉన్నాయి, ఊరు ఊడవాలంటే కారు వెడల్పంతా ఉండాలి కదా. అవి రోడ్డు మీది మేకులను, పదునైన రాళ్ళను తోసేసి టైరును కాపాడుకోవడానికి కట్టినవని చూడగానే అర్థమవుతుంది. ఎవరో పంక్చర్ భయంతో చేసుకున్న ఏర్పాటు ఒక మహారాజు పౌరుషంగా మారిపోయింది.

మరి నిజాం రోల్స్ రాయిస్ సంగతి?

అది మాత్రం కళ్ళారా చూడదగినది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపురంగు సిల్వర్ ఘోస్ట్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆర్డరు చేసినది. ఆయన 1911లో మరణించారు కాబట్టి, కారు వచ్చేనాటికి గద్దె మీద ఉన్నది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. లండన్‌కు చెందిన బార్కర్ కంపెనీ దానికి బాడీ కట్టింది. దర్జా ఊరేగింపులకు తప్ప వాడలేదు కాబట్టి తిరిగిన దూరం చాలా తక్కువ.

‘సిల్వర్ ఘోస్ట్’ అనే పేరులోనూ ఒక మెలిక ఉంది. మొదట ఆ పేరు ఒక్క కారుదే. 1907లో వెండి రంగుతో తయారైన ఒకానొక కారుకు పెట్టినది. మిగతా కార్లన్నీ కంపెనీ కాగితాల్లో 40/50 హార్స్‌పవర్ కార్లే. 1925లో ఫాంటమ్ అనే కొత్త నమూనా వచ్చాక, పాత నమూనాను వేరుగా చెప్పుకోవడానికి మొత్తం వరుసకు ఆ పేరు స్థిరపడింది. అంటే నిజాం కారు తయారైన రోజున కంపెనీ లెక్కల్లో అది సిల్వర్ ఘోస్ట్ కాదు.

ఆ కాలంలో తెలుగు నేల మీద కార్లు తయారయ్యేవా?

మారుతి రాకముందు పెద్ద కంపెనీల కార్ల ఫ్యాక్టరీలు ఉత్తరపారా, కుర్లా, మద్రాసులోనే ఉండేవి. మన దగ్గర లేవు. 1980లలో జహీరాబాదులో హైదరాబాదు ఆల్విన్, నిస్సాన్ కలిసి తయారుచేసినవి చిన్న లారీలు. అదే ఫ్యాక్టరీ తరువాత మహీంద్రా చేతికి వెళ్ళింది. పెనుకొండ దగ్గర కియా కార్లు బయటికి రావడం 2019 నాటి మాట. పాత వాహనాల చరిత్రలో మనకు గర్వకారణం బస్సులే: నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైంది, వాటిలో ఒక ఆల్బియన్ బస్సును ‘డెక్కన్ క్వీన్’ పేరుతో హైదరాబాదులో భద్రపరిచారు. ఎన్.టి. రామారావు 1982లో ఊరూరా తిరిగిన చైతన్య రథం కూడా పాత షెవర్లే వ్యానును మార్చి కట్టినదే. దాన్ని నడిపినది ఆయన కుమారుడు హరికృష్ణ.

నంబరు చూసి కారు వయసు చెప్పవచ్చా?

కొంతవరకు. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చేదాకా, ఆంధ్రప్రదేశ్ బండ్లకు ‘ఏ’తో మొదలయ్యే మూడు అక్షరాలు, వాటి తరువాత అంకెలు ఉండేవి. ఆ తరువాత ఏపీ 9 హైదరాబాదు, ఏపీ 16 విజయవాడ, ఏపీ 31 విశాఖపట్నం అన్నట్టు ప్రాంతం అంకెలు వచ్చాయి. 2014లో తెలంగాణకు టీఎస్, 2024లో టీజీ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస మొదలైంది. కాబట్టి మూడక్షరాల నంబరున్న కారు 1989 జులైకి ముందుదన్నది ఖాయం. దీన్ని తిరగేసి చెప్పకూడదు: కొత్త నంబరు ఉన్నంత మాత్రాన కారు కొత్తది కాదు. వేరే రాష్ట్రం నుంచి తెచ్చి ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించిన 1960ల కారుకు ఏపీ 28 నంబరు ఉండవచ్చు.

కాంటెస్సా, స్టాండర్డ్ 2000 కూడా క్లాసిక్‌లేనా?

వయసుతో నిమిత్తం లేకుండా అభిమానులు ఎప్పుడో ఒప్పేసుకున్నారు. హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా 1984లో వచ్చింది. బ్రిటన్‌లో 1970ల నాటి వాక్స్‌హాల్ కారు అది. ఇప్పుడు దాన్ని పెద్ద ఇంజిన్ల అమెరికన్ కండల (మజిల్) కార్లతో పోల్చి మురిసిపోతుంటారు గానీ, మొదట అంత పొడుగు కారును లాగింది అంబాసిడర్ 1,489 సీసీ ఇంజినే. ఇసుజు ఇంజిన్ వచ్చాకే దానికి ప్రాణం వచ్చింది.

స్టాండర్డ్ 2000 కథ ఇంకా విషాదం. బ్రిటన్‌కు చెందిన రోవర్ ఎస్‌డి1 బాడీని తెచ్చి, అందులో పాత స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారు వంశానికి చెందిన 1,991 సీసీ ఇంజిన్ పెట్టి 1985లో అమ్మకానికి తెచ్చారు. ధర ఎక్కువ, పెట్రోలు ఖర్చు ఎక్కువ, పరుగు తక్కువ. మూడేళ్ళు తిరిగేసరికి ఉత్పత్తి ఆగిపోయింది. తక్కువగా తయారైనందువల్లే ఇప్పుడు ఎక్కడైనా ఒకటి కనిపిస్తే చుట్టూ జనం మూగుతారు.

మారుతి 800 వింటేజ్ ఎప్పుడవుతుంది?

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందజేశారు. ఆ లెక్కన మొట్టమొదటి కార్లకు 2033 చివరలో 50 ఏళ్ళు నిండుతాయి. ఇంకో జాగ్రత్త: 1986లో ఆకారం మారింది. మనకు ఎక్కువగా గుర్తున్న మారుతి ఆ రెండోది. మొదటిది ఎస్‌ఎస్80 అనే పలకల డబ్బాలాంటి కారు. రెండింటి ఇంజిన్ 796 సీసీయే. ఎస్‌ఎస్80 దొరికితే తుక్కుకు వేయకండి.

అంబాసిడర్, పద్మిని ఎప్పుడు ఆగిపోయాయి?

అంబాసిడర్ ఉత్పత్తి 2014 మే నెలలో ఆగింది. ఆ పేరును 2017లో ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. పద్మిని తయారీ 2001 నాటికే ముగిసింది. అయినా ముంబయిలో నలుపు పసుపు ట్యాక్సీగా చివరి పద్మిని రిజిస్టర్ అయినది 2003 అక్టోబరు 29న. ఆ నగరంలో ట్యాక్సీల వయోపరిమితి 20 ఏళ్ళు కాబట్టి, 2023 అక్టోబరు 30 నుంచి అక్కడి రోడ్ల మీద పద్మిని ట్యాక్సీ లేకుండాపోయింది. తయారైన ఏడాదిని బట్టి లెక్కవేసినవారు ఆ వీడ్కోలు అంతకుముందే జరిగిపోయిందనుకున్నారు. ఆర్సీ మీది తేదీ చూసినవారు మాత్రం ఆ ముందురోజు, ఆదివారం నాడు, కెమెరాలు పట్టుకుని వీధిలో నిలబడ్డారు.